ఆడ కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లకు: పిల్లలు పెట్టించాలా వద్దా, పెట్టిస్తే ఏ పని ముందు, ఏది వెనక

"మా మగకుక్కకు తోడుగా ఆడపిల్లను తెచ్చినామన్నా, క్రాసింగ్ ఎప్పుడు చేయిస్తే మంచిది?" తిరుపతిలో కుక్కలు పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఫోన్‌లో ఒక ముక్కలో చెప్పలేక ఇక్కడ వరుసగా రాస్తున్నా.

క్రాసింగ్, అంటే జత కట్టించడం, ఈ పనిలో చాలా తర్వాత వచ్చే మెట్టు. పుట్టబోయే పిల్లలు ఎవరింటికి పోతాయో తేల్చుకోవడం మొదటి మెట్టు. ఈ వరుస తలకిందులైన ఇళ్లలోనే మూడు నెలల పిల్లలు ఐదారు మిగిలిపోయి, "ఎవరైనా తీసుకుంటారా" అని వాట్సాప్ స్టేటస్‌లు కనిపిస్తుంటాయి. ఆ తర్వాత ఆ పిల్లల్లో కొన్ని ఎక్కడికి చేరతాయో రాత్రిపూట బైపాస్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు తెలుసు.

1. ముందు ఇళ్లు, తర్వాత జత

ఒక కాగితం తీసుకుని, మీ కుక్క పిల్లలు పెడితే నిజంగా తీసుకునేవాళ్ల పేర్లు రాయండి. "ముద్దుగా ఉంది, మాకూ ఒకటి ఇవ్వండి" అన్న ప్రతి ఒక్కరినీ రాయొద్దు. కాఫీ తాగి లేచేటప్పుడు ఆ మాట అందరూ అంటారు.

రాసిన ఒక్కో పేరునూ ఇవి అడగండి:

- పగలంతా ఇంట్లో ఎవరుంటారు?
- అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా? అపార్ట్‌మెంటయితే పక్కవాళ్ల సంగతేంటి?
- పండక్కి ఊరికి పోతే కుక్కను ఎవరు చూస్తారు?
- మగపిల్లలన్నీ అయిపోతే ఆడపిల్లనైనా తీసుకుంటారా?
- ఏడాది ఆగగలరా? చిన్న అడ్వాన్సు ఇస్తారా?

నాలుగో ప్రశ్నకు కొన్ని పేర్లు రాలిపోతాయి. ఐదో ప్రశ్నకు సగం పోతాయి. మిగిలినవే మీ అసలు లెక్క.

ఇప్పుడు ఆ సంఖ్యను కుక్క జాతితో పోల్చండి. పొమేరియన్ లాంటి చిన్న జాతి ఒక ఈతలో రెండు మూడు పిల్లలను పెట్టవచ్చు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఆరు నుంచి పది దాకా పెట్టవచ్చు. పేర్లు నాలుగే ఉండి పిల్లలు ఎనిమిది పుడితే, మిగతా నాలుగూ మీ ఇంట్లోనే పెరగాలి. ఆ చోటు, ఆ డబ్బు లేకపోతే ఇక్కడే ఆగి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి రాసిన 5వ భాగానికి పొండి. ఎక్కువ ఇళ్లకు సరైన జవాబు అదేనని నా అభిప్రాయం.

"ఒక్క ఈతైనా అయితేనే ఆడకుక్క ఆరోగ్యంగా ఉంటుంది" అనే మాట మన దగ్గర బాగా తిరుగుతుంది. దానికి వైద్యంలో ఆధారం లేదు. పైగా చిన్న వయసులో ఆపరేషన్ చేయించిన కుక్కలకు రొమ్ము గడ్డల భయం తగ్గుతుంది, గర్భసంచికి చీము పట్టే జబ్బు దాదాపు రాదు. ఇక "కొన్న డబ్బు తిరిగి రావాలి" అనేవాళ్లు ఒక్క సిజేరియన్ ఖర్చు కనుక్కుని రండి, తర్వాత మాట్లాడుకుందాం.

2. చట్టం ఏం చెబుతుంది

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 కింద కేంద్రం 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలకు నియమాలు తెచ్చింది. పిల్లలను పెట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. "మాది ఒక్క కుక్కే కదా" అని వదిలేయకుండా, మీ దగ్గర్లోని పశుసంవర్ధక శాఖ ఆఫీసులో ముందే అడగండి.

గుర్తుంచుకోవాల్సినవి:

- 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు. అది ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడు ధ్రువీకరించాలి.
- 8 ఏళ్లు దాటినదాన్ని కూడా కట్టించకూడదు.
- ఏడాదికి ఒక్క ఈతే. వరుసగా రెండు ఎదల్లో (ఎద అంటే హీట్, ఆడకుక్క జతకు సిద్ధమయ్యే రోజులు) కట్టించకూడదు.
- జీవితం మొత్తంలో ఐదు ఈతలకు మించకూడదు.
- తండ్రి, అన్నదమ్ముడు, కొడుకు లాంటి దగ్గరి రక్తసంబంధం ఉన్న కుక్కతో కట్టించకూడదు.
- 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేనాటికి టీకాలు, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్పు) ఉండాలి.

చట్టం ఐదు ఈతల దాకా ఒప్పుకుంటుంది. ఇంట్లో పెంచుకునే కుక్కకు రెండే ఎక్కువ అంటాను నేను.

3. పిల్లను ఎంచుకునే రోజే సగం నిర్ణయం అయిపోతుంది

తిరుపతి, చిత్తూరు వైపు జాతి కుక్కపిల్లలు చాలావరకు చెన్నై, బెంగళూరు నుంచి వస్తాయి. ఫోన్‌లో ఫోటో చూసి డబ్బు పంపడం, బస్టాండులో అట్టపెట్టె అందుకోవడం, పెట్టె తెరిచాక టెన్షన్ పడటం, ఇదంతా మామూలైపోయింది. ముందుముందు పిల్లలు పెట్టించే ఆలోచన ఏ కొంచెం ఉన్నా అలా తేకండి. చెన్నై ఎంత దూరం, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. స్వయంగా పోయి చూడండి.

చూడాల్సినవి:

- తల్లి. అది భయంతో మూలకు పోతుందా, మీద పడుతుందా, దగ్గరికి వస్తుందా? "తల్లి వేరే చోట ఉంది" అంటే అక్కడినుంచే తిరిగి వచ్చేయండి.
- పిల్ల వయసు 8 వారాలు నిండిందా?
- టీకా కార్డు మీద మందు సీసా స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం ఉన్నాయా?
- పెద్ద జాతి అయితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఉందా?
- మూడు తరాల వంశ వివరం.

జాతి కుక్కల వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం ఉంటే "పేపర్లు ఉన్నాయి, ఇంకేం కావాలి" అంటారు. ఆ పత్రంలో ఉండేది వంశం. ఆ కుక్క తుంటి ఎలా ఉందో, కళ్లు ఎలా ఉన్నాయో అందులో ఉండదు.

తరచూ జరిగే తప్పు: మగకుక్కను తెచ్చిన మనిషి దగ్గరే, రేటు తగ్గిస్తాడని, ఆడపిల్లను కూడా తేవడం. అవి అన్నాచెల్లెళ్లో, సగం అన్నాచెల్లెళ్లో కావచ్చు. దిద్దుబాటు: రెండింటి వంశ పత్రాలూ పక్కపక్కన పెట్టి చూడండి. పత్రాలు లేకపోతే రక్తసంబంధం ఉందనే అనుకుని రెండింటినీ జత కట్టించకండి. తోడుగా హాయిగా పెరుగుతాయి, అంతవరకే.

జాతి గురించి కూడా ఒక మాట. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ పిల్లలను మన ఎండల్లో పుట్టించడం నాకు నచ్చదు. పగ్ లాంటి అణిగిన ముక్కు జాతులకు వేడిలో ఊపిరి కష్టం, కాన్పు సిజేరియన్ దాకా పోవడం కూడా ఎక్కువ. రాజపాళయం, చిప్పిపారై మన పక్క తమిళ నేలవే కాబట్టి ఎండకు తట్టుకుంటాయి. అయితే తెల్ల రాజపాళయాల్లో పుట్టు చెవుడు కనిపిస్తుంది, వినికిడి చూసుకోవాలి.

4. ఇంట్లో ముందే మగకుక్క ఉంటే

చిన్న జాతి ఆడపిల్ల ఆరు నుంచి తొమ్మిది నెలలకే ఎదకు రావచ్చు. పెద్ద జాతులకు ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. జత కట్టించడానికి 18 నెలలు నిండాలి. అంటే మధ్యలో ఒకటి రెండు ఎదలు మీ మగకుక్క ముక్కు ముందే గడవాలి. పిల్లను తెచ్చే ముందే దీనికి దారి చూసుకోండి. మూడు దారులున్నాయి.

మొదటిది, మగకుక్కకు ఆపరేషన్. ఇది చాలా ఇళ్లకు తేలిక దారి. అయితే ఆపరేషన్ అయిన వెంటనే భయం పోదు, ఆరు వారాల దాకా జాగ్రత్తగా ఉండండి.

రెండోది, ఎద మొదలైన రోజే మగకుక్కను నాలుగు వారాలు బంధువుల ఇంటికి పంపడం. పంపే ఇల్లు ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆ రోజు ఫోన్ చేస్తే "మా అత్తగారు వచ్చారు" అంటారు.

మూడోది, ఇంట్లోనే విడిగా ఉంచడం. దీనికి రెండు తలుపులు కావాలి. ఒక గది, దాని బయట ఇంకో గది, రెండింటికీ గొళ్లెం. ఒక తలుపు తీసే ముందు రెండోది వేసి ఉండాలి. ఒక్క తలుపును నమ్ముకున్నవాళ్లు ఎవరో ఒకరు మరిచిపోతారు. డైపర్ రక్తం మరకల కోసం, జతను ఆపడానికి అది పనికిరాదు.

రెండు బెడ్‌రూముల ఇంట్లో మూడో దారి నడవదు. ఇంట్లో అందరికీ నిద్ర ఉండదు, మగకుక్క తిండి మానేసి రాత్రంతా ఏడుస్తుంది.

5. మొదటి ఎద: ఈ మూడు నాలుగు వారాలు ఎలా గడపాలి

నా మొదటి ఆడకుక్క లాబ్రడార్. పది నెలలకు హీట్‌కు వచ్చింది. పన్నెండో రోజుకు రక్తం తగ్గి నీళ్లలా అయితే, "అయిపోయిందిలే" అని గొలుసు విప్పాను. పాలు పోసే మనిషి గేటు తీసిన అర నిమిషంలో వీధి కుక్క లోపలికి వచ్చింది. రక్తం పలచబడటమే అసలు రోజులు మొదలైన గుర్తని నాకు అప్పటికి తెలియదు.

ఎద మొత్తం సుమారు మూడు వారాలు. మొదటి తొమ్మిది రోజులు, అటూఇటుగా, రక్తం, వాపు ఉంటాయి, మగకుక్కను దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత సుమారు తొమ్మిది రోజులు తోక పక్కకు తిప్పి నిలబడుతుంది. ఒక్కో కుక్కకు ఈ రోజులు ముందూ వెనకా అవుతాయి.

చేయాల్సినవి:

- మొదటి రక్తం చుక్క కనిపించిన తేదీ క్యాలెండరులో రాయండి. ఈ తేదీ తర్వాత చాలా పనులకు కావాలి.
- ఆ రోజు నుంచి 28 రోజులు గొలుసు లేకుండా వాకిట్లోకి కూడా వదలొద్దు.
- గేటు కింద సందు, గోడ పక్కన ఇటుకల కుప్ప, కాంపౌండుకు ఆనుకున్న బండి, వీటిని ఒకసారి వీధి కుక్క కళ్లతో చూడండి.
- పాలు పోసే మనిషి, పేపరు అబ్బాయి, పనిమనిషి, అందరికీ చెప్పండి. గేటుకు కాగితం అంటించినా తప్పు లేదు.
- మేడ మీద ఒంటరిగా కట్టేయొద్దు.

జత కట్టుకుని లాక్ అయిపోతే: లాగకండి, నీళ్లు పోయకండి, కొట్టకండి. ఆ ముడి ఐదు నిమిషాల నుంచి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. బలవంతంగా విడదీస్తే రెండింటికీ గాయాలవుతాయి. విడిపోయాక ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మనుషుల మాత్రలు, మెడికల్ షాపులో ఎవరో చెప్పిన హార్మోన్ ఇంజెక్షన్లు సొంతంగా వేయించకండి. వాటితో గర్భసంచికి చీము పట్టి కుక్కే పోవచ్చు. నా కుక్క విషయంలో డాక్టరు చూసి, కొన్నాళ్లు ఆగి గర్భసంచి తీసేశారు.

ఇంకో సంగతి తెలుసుకోండి. ఒకే ఎదలో రెండు మగకుక్కలు కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టగలవు. మీరు ఎంచుకున్న కుక్కతో కట్టించాక కూడా గేటు జాగ్రత్త ఎద పూర్తయ్యేదాకా కొనసాగాలి.

ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంటే, తిండి మానేస్తే, వాంతులైతే, కింద నుంచి చెడు వాసనతో స్రావం వస్తే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. గర్భసంచికి చీము పట్టిందేమో స్కానింగ్‌లో చూస్తారు. ఒక్కోసారి స్రావం బయటికి రాదు, అప్పుడే ప్రమాదం ఎక్కువ.

పిల్లలు వద్దనుకున్నవాళ్లకు ఆపరేషన్ సమయం: చిన్న జాతులకు ఆరు నెలల వయసులో, మొదటి ఎదకు ముందే చేయించవచ్చు. పెద్ద జాతులకు ఎముకలు పూర్తిగా ఎదిగేదాకా ఆగమని కొందరు డాక్టర్లు చెబుతారు, మీ కుక్కను చూపించి అడగండి. ఎదలో ఉన్నప్పుడు చేయించకండి, ఆ సమయంలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. ఎద ముగిశాక రెండు మూడు నెలలు ఆగితే మేలు.

6. 18 నెలలు నిండాక: పరీక్షలు

ఇక్కడి దాకా వచ్చి, పేర్ల కాగితం ఇంకా నిండుగా ఉన్నవాళ్లకే మిగతా భాగం.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, దాని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి. చిత్తూరు, పలమనేరు వైపువాళ్లు కూడా పెద్ద పరీక్షలకు అక్కడికి రావచ్చు. పోయే ముందు ఏ పరీక్ష ఏ రోజుల్లో చేస్తారో కనుక్కోండి.

- తుంటి ఎక్స్‌రే: లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్‌కు తప్పనిసరి అనుకోండి. రెండేళ్లు నిండాక తీస్తేనే మాట ఖాయం. అందుకే పెద్ద జాతులను రెండేళ్లకు ముందు కట్టించవద్దంటాను.
- మోకాలి చిప్ప: పొమేరియన్, చివావా లాంటి చిన్న జాతులకు. డాక్టరు చేత్తో నొక్కి చూసి చెప్పగలరు.
- కళ్లు, గుండె, పళ్ల వరుస.
- బ్రూసెల్లా రక్తపరీక్ష: ఆడ, మగ రెండింటికీ. ఈ జబ్బుతో చూడి పోతుంది, మనుషులకూ అంటుకోవచ్చు, పూర్తిగా నయం చేయడం కష్టం.
- గోమార్ల జ్వరం పరీక్ష. మన ఊళ్లలో గోమార్లు, అంటే పిడుదులు, పట్టని కుక్క అరుదు. ఆ జ్వరంలో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పైకి బాగానే ఉన్న కుక్క కాన్పు రోజు రక్తం ఆగక ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.
- టీకాలు, నులిపురుగుల మందు: ఎదకు ముందే పూర్తి చేయాలి. చూడితో ఉన్నప్పుడు ప్రాణమున్న వైరస్ టీకాలు వేయకూడదు.

వీటన్నిటికంటే ముందు గుణం చూడండి. తెలియనివాళ్లను చూస్తే మంచం కింద దూరే కుక్క, తిండి గిన్నె దగ్గరికి పోతే కరిచే కుక్క ఎంత అందంగా ఉన్నా దాని పిల్లలు వద్దు. గుణం కొంత రక్తంలోనూ, కొంత తల్లి దగ్గర పెరగడంలోనూ వస్తుంది.

7. మగకుక్క, కాగితం మీద ఒప్పందం

ఆడకుక్కకు చేయించిన పరీక్షలన్నీ మగకుక్కకూ ఉండాలి. "మావాడు షోలో గెలిచాడు" అంటే సంతోషం, ఎక్స్‌రే చూపించమనండి. మీ కుక్కలో ఏ లోపముందో మగకుక్కలో అదే లోపం ఉండకూడదు.

మన దగ్గర మగకుక్క ఓనరుకు డబ్బు ఇవ్వడమో, ఒక పిల్లను ఇవ్వడమో ఆనవాయితీ. నోటి మాట మీద జరిగే ఈ బేరంలోనే గొడవలన్నీ. ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి: డబ్బా, పిల్లా, పిల్ల అయితే ముందు ఎవరు ఎంచుకుంటారు, ఒక్కటే పిల్ల పుడితే ఎలా, చూడి కట్టకపోతే మళ్లీ కట్టిస్తారా, పిల్ల పుట్టి చనిపోతే ఎలా. ఇద్దరి సంతకాలూ పెట్టండి. స్నేహితుల మధ్య అయితే ఇంకా ముఖ్యం.

8. నెలల లెక్క

జత కట్టిన రోజుకు 63 రోజులు కలిపితే కాన్పు, దానికి 56 రోజులు కలిపితే పిల్లలు పోయే రోజు. ఈ రెండు తేదీలూ మన వాతావరణంలో ఎక్కడ పడతాయో చూసుకోండి.

మార్చి 1న కట్టిస్తే మే 3న ఈనుతుంది. కత్తిరి ఎండలు అప్పుడే మొదలు. పిల్లలు కళ్లు తెరిచి నడక నేర్చే వేళకు రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. దానికి తోడు కరెంటు పోతే తల్లి వేడికి అల్లాడి పిల్లలకు పాలివ్వదు. ఈ ఎదను వదిలేయండి.

ఆగస్టు 1న కట్టిస్తే అక్టోబరు 3. తిరుమల బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వస్తాయి. గరుడ సేవ రోజు ఊళ్లో బండి కదలదు. మీ ఇల్లు అలిపిరి వైపు ఉండి అర్ధరాత్రి సిజేరియన్ అవసరమైతే ఏ దారిన పోతారో ముందే అనుకోవాలి. ఆ తర్వాత ఈశాన్య వానల తేమ, దీపావళి టపాసులు.

నవంబరు 1న కట్టిస్తే జనవరి 3న కాన్పు, ఫిబ్రవరి 28న పిల్లలు బయటికి. నాకు ఇది అన్నిటికంటే నచ్చిన లెక్క. చలి రాత్రులకు కొంచెం వెచ్చదనం ఏర్పాటు చేస్తే చాలు.

కుక్క ఎద మన లెక్క ప్రకారం రాదు, నిజమే. రాకపోతే ఆరేడు నెలలు ఆగి తర్వాతి ఎద చూడాలి.

9. జత కట్టించే రోజులు

"పదకొండో రోజు, పదమూడో రోజు" అని లెక్కపెట్టి తీసుకుపోయేవాళ్లు ఎక్కువ. కొన్ని కుక్కలకు అది కుదురుతుంది, కొన్నిటికి ఏడో రోజే సమయం, కొన్నిటికి పద్దెనిమిదో రోజు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ రక్తపరీక్ష చేయిస్తే సరైన రోజు తెలుస్తుంది. చాలాసార్లు "మా కుక్క గొడ్డుపోయింది" అన్నవాళ్ల అసలు సమస్య తప్పు రోజే.

ఆడకుక్కను మగకుక్క ఇంటికి తీసుకుపోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, కడుపు నిండా తిండి పెట్టకుండా. చుట్టూ పదిమంది చూసేవాళ్లు వద్దు. ఆడకుక్క ఒప్పుకోకపోతే మూతి కట్టి బలవంతం చేయకండి, ఒక రోజు ఆగి మళ్లీ రండి. రెండుసార్లు, మధ్యలో ఒకటి రెండు రోజుల తేడాతో చాలు.

10. ఆ 63 రోజులు

మొదటి నెల తిండి పెంచొద్దు. పెంచితే కొవ్వు పట్టి కాన్పు కష్టమవుతుంది. ఐదో వారం దాటాక కొద్దికొద్దిగా పెంచుతూ, చివరికి మామూలుకంటే పావు నుంచి సగం వరకు ఎక్కువ పెట్టండి. కడుపులో చోటు తగ్గుతుంది కాబట్టి రోజుకు మూడు నాలుగు సార్లుగా. సంగటి, పెరుగన్నం మాత్రమే పెట్టి పిల్లలు బలంగా పుట్టాలంటే కుదరదు. మాంసకృత్తులు కావాలి: గుడ్లు, కోడి మాంసం, లేదా కుక్కపిల్లల కోసం చేసిన మంచి డ్రై ఫుడ్.

పెద్ద తప్పు ఒకటుంది: చూడి కుక్కకు ప్రేమగా కాల్షియం సిరప్పు పోయడం. బయట నుంచి కాల్షియం అందుతుంటే, ఎముకల నుంచి దాన్ని తీసుకునే ఒంటి పద్ధతి మందగిస్తుంది. పాలిచ్చే వారాల్లో ఒక్కసారిగా రక్తంలో కాల్షియం పడిపోయి కుక్క వణికి, కొట్టుకుని చనిపోవచ్చు. డాక్టరు చెప్పకుండా చూడి సమయంలో కాల్షియం వద్దు.

తేదీలు:

- 28వ రోజు దగ్గర స్కానింగ్: చూడి ఉందా లేదా.
- 55 దాటాక ఎక్స్‌రే: ఎన్ని పిల్లలో లెక్క. కాన్పు రోజు లోపల ఇంకా ఉందా లేదా తెలియాలంటే ఈ లెక్క కావాలి.
- 50వ రోజు నుంచి ఈనే పెట్టెను అలవాటు చేయడం.

పెట్టెలో తల్లి కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. లోపల నాలుగు వైపులా అరచేయి ఎత్తులో ఒక కడ్డీ బిగించండి, గోడకూ తల్లికీ మధ్య పిల్ల నలిగిపోకుండా ఆ సందు కాపాడుతుంది. పాత చీరలు పరచొద్దు, పోగులు లేచి పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. పాత టవళ్లు, న్యూస్‌పేపర్లు మంచివి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: డిజిటల్ థర్మామీటరు, పది టవళ్లు, మరిగించిన కత్తెర, దారం, బెటాడిన్, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా, కుక్కపిల్లల పాలపొడి, టార్చి, ఇద్దరు డాక్టర్ల నంబర్లు, రాత్రికి వచ్చే బండి నంబరు. పాలపొడి అన్ని చోట్లా దొరకదు, వారం ముందే తెప్పించండి.

11. ఈనే రోజు

57వ రోజు నుంచి రోజుకు రెండు మూడు సార్లు మలద్వారంలో థర్మామీటరు పెట్టి రాసుకోండి. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 99 కిందికి పడితే చాలావరకు ఒక రోజు లోపల నొప్పులు మొదలవుతాయి.

మొదట ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, కుక్క రొప్పుతుంది, తవ్వుతుంది, తిండి ముట్టదు. ఇది మామూలే. ఇంట్లో ఒక్కరు పక్కన ఉంటే చాలు, చుట్టాలందరినీ పిలిచి వీడియోలు తీయొద్దు. కంగారు పడితే నొప్పులు ఆగిపోతాయి.

పిల్ల బయటికి వచ్చాక తల్లి పొర చింపి నాకుతుంది. ఒక నిమిషంలో చింపకపోతే మీరు చింపి, మూతి తుడిచి, టవలుతో రుద్దండి. పిల్లను తలకిందులుగా పట్టి ఊపే పాత పద్ధతి వద్దు, మెదడుకు దెబ్బ తగులుతుంది. మాయలు (పిల్లతో పాటు పడే మావి) లెక్కపెట్టండి, ఒక్కో పిల్లకు ఒకటి.

కింది వాటిలో ఏది కనిపించినా గడియారం చూస్తూ కూర్చోకుండా బయల్దేరండి:

- అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాలేదు.
- లోపల పిల్లలు ఉన్నాయని తెలిసీ రెండు గంటలు దాటింది.
- మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం వచ్చింది. పిల్లలు పుట్టాక ఆకుపచ్చగా రావడం మామూలే.
- పిల్ల సగం బయటికి వచ్చి ఇరుక్కుంది.
- ఒంటి వేడి 99 కిందికి పడి ఒక రోజు దాటినా నొప్పులు లేవు.

పక్కింటివాళ్లు చెప్పారని నొప్పులు తెప్పించే ఇంజెక్షన్ ఇంట్లో వేయించకండి. పిల్ల అడ్డం తిరిగి ఉంటే ఆ ఇంజెక్షన్‌తో గర్భసంచి చిరిగిపోవచ్చు.

12. ఆ తర్వాత ఎనిమిది వారాలు

మొదటి రోజే ప్రతి పిల్లా ముర్రుపాలు తాగాలి. తల్లి నుంచి రోగాలను తట్టుకునే శక్తి ఆ మొదటి 24 గంటల్లోనే అందుతుంది. బలహీనమైన పిల్లను మీరే రొమ్ముకు పట్టించండి.

పిల్లల్ని రోజూ ఒకే వేళకు తూచి రాయండి. ఏడు నుంచి పది రోజుల్లో పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. ఒక రోజు పెరగకపోతే గమనించండి, తగ్గితే డాక్టరుకు ఫోన్ చేయండి. తల్లి పాలు చాలకపోతే ఆవు పాలు పోస్తారు మనవాళ్లు. కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవు పాలకంటే చాలా ఎక్కువ. ఆవు పాలతో కడుపు నిండదు, విరేచనాలు పడతాయి.

మొదటి వారం పిల్లలకు 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి. తిరుపతిలో ఏడాదిలో చాలా రోజులు గదిలోనే ఆ వేడి ఉంటుంది. అయినా చాలా ఇళ్లలో పెద్ద బల్బు కింద పిల్లల్ని ఉడకబెడతారు. పిల్లలు ఒకదానిమీద ఒకటి పడి కుప్పగా ఉంటే చలి, దూరదూరంగా పడుకుని నోరు తెరిస్తే వేడి. దాన్నిబట్టి సర్దండి.

తల్లికి ఈ రోజుల్లో మామూలుకంటే రెండు మూడింతల తిండి. రొమ్ము ఎర్రగా గట్టిపడినా, జ్వరం వచ్చినా, వణికినా, నడక తడబడినా వెంటనే ఆసుపత్రికి. ముఖ్యంగా చిన్న జాతులకు రెండో వారం నుంచి నాలుగో వారం వరకు వణుకు మీద కన్నేసి ఉంచండి.

మిగతా వరుస:

- 2, 4, 6, 8 వారాలకు పిల్లలకు నులిపురుగుల మందు, తల్లికి కూడా.
- మూడో వారం చివర మెత్తని తిండి మొదలు.
- 6 నుంచి 8 వారాల మధ్య మొదటి టీకా. రేబిస్ టీకా మూడు నెలలకు, కొత్త ఇంట్లో వేయించాలి.
- మూడో వారం నుంచి మిక్సీ చప్పుడు, కుక్కర్ విజిల్, పిల్లల అల్లరి, మనుషుల చేతులు అలవాటు చేయాలి.

పిల్లల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు చెప్పులు గేటు దగ్గరే విడిచి, చేతులు కడుక్కుని రావాలి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులతోనే లోపలికి వస్తుంది. ఇంకో కుక్కపిల్లను చూసి నేరుగా మీ ఇంటికి వస్తామనేవాళ్లను మొహమాటం లేకుండా ఆపండి.

13. పిల్లల్ని పంపేటప్పుడు

"ఆరో వారానికే ఇచ్చేయండి, చిన్నప్పుడైతే బాగా అలవాటవుతుంది" అని ఒత్తిడి చేస్తారు. ఇవ్వకండి. తోడబుట్టినవాటితో ఆడుతూ, గట్టిగా కరిస్తే అవతలిది అరవడం చూస్తూ పిల్ల తన పంటి పట్టును తగ్గించుకునేది ఆ చివరి రెండు వారాల్లోనే.

పిల్లతో పాటు పంపాల్సినవి: టీకా కార్డు, మందులు వేసిన తేదీలు, మైక్రోచిప్ నంబరు, ఇప్పుడు తింటున్న తిండి నాలుగు రోజులకు సరిపడా, తల్లి వాసన ఉన్న గుడ్డ ముక్క. కాగితం మీద రెండు షరతులు రాయించుకోండి: ఎప్పుడైనా పెంచలేకపోతే పిల్ల మీ ఇంటికే తిరిగి రావాలి; పిల్లలు పెట్టించే ఆలోచన లేకపోతే తగిన వయసులో ఆపరేషన్ చేయించాలి. సంతకం పెట్టడానికి ఇబ్బంది పడేవాళ్లకు అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి.

వారం అయ్యాక, నెల అయ్యాక, ఏడాది అయ్యాక ఒక్కోసారి ఫోన్ చేయండి. ఏడాదికి చేసే ఫోన్‌లో కుంటుతోందా, దురదలున్నాయా, భయం ఎక్కువా అని అడిగి రాసుకోండి. ఇంకో ఈత గురించి ఆలోచించాలా వద్దా అనేది ఆ నోటు పుస్తకమే చెబుతుంది.

తల్లి పాలు పూర్తిగా ఎండి, బరువు మళ్లీ మామూలయ్యాక డాక్టరుకు చూపించి, ఇక పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ తేదీ తీసుకోండి. ఆ తేదీ వచ్చేలోపే గేటు కింద సందు మరోసారి చూసుకోండి, మూడు నాలుగు నెలలకే మళ్లీ ఎదకు వచ్చే తల్లులున్నాయి.